ఫోన్‌లో పట్టిన బీరువా గదిలో పట్టలేదు. ఏఆర్‌తో అసలు ఎవరికైనా పని జరుగుతోందా?

మల్లెతీగ
పుస్తకాల బీరువా కొందామని ఒక కంపెనీ యాప్ చూస్తుంటే "మీ గదిలో పెట్టి చూసుకోండి" అన్న బటన్ కనిపించింది. నొక్కగానే కెమెరా తెరుచుకుని ఫోన్‌ని నేలవైపు అటూ ఇటూ తిప్పమంది. తిప్పాను. కిటికీకీ తలుపుకీ మధ్య ఖాళీలో బీరువా వచ్చి నిలబడింది. కింద నీడ కూడా పడింది. దగ్గరికెళ్లినా పక్కకెళ్లినా ఉన్నచోటే ఉంది. తలుపు పక్కన ఇంకా వేలెడు సందు మిగిలింది. ఇంకేం, ఆర్డర్ పెట్టేశాను.

సామాను వచ్చింది, బిగించారు. ఇప్పుడు తలుపు తీస్తే బీరువా అంచుకి కొట్టుకుంటోంది. కంపెనీకి ఫోన్ చేస్తే "అది ఒక అంచనా కోసమేనండీ, కొలతలు కింద రాసి ఉన్నాయి కదా" అంటున్నారు. అంచనా మాత్రమే అయితే అంత నమ్మకంగా చూపించడం ఎందుకు?

దీన్ని ఆగ్‌మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) అంటారట. ఇది లోపల ఎలా పనిచేస్తుంది, ఎక్కడ తప్పుతుంది? బీరువాలు చూపించడం, ముఖానికి కుక్క చెవులు అతికించడం తప్ప దీంతో ఎక్కడైనా నిజమైన పని జరుగుతోందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతఫోన్
కొలత టేపు ఉండగా ఇదంతా ఎందుకండీ. సరుకు అమ్ముకోవడానికి పెట్టిన హంగు, అంతకు మించి ఏమీ లేదు.

సర్క్యూట్_సుబ్బు
పాతఫోన్ గారూ, టేపు విషయంలో మీ మాటే నా మాట. మిగతాదానికి ఒప్పుకోను. ముందు మల్లెతీగ గారి మొదటి ప్రశ్న చూద్దాం.

ఫోన్‌కి మీ గది గురించి ముందుగా ఏమీ తెలియదు. కెమెరా తీసే ప్రతి ఫ్రేములోనూ తేలిగ్గా గుర్తుపట్టగలిగే చుక్కల్ని ఏరుకుంటుంది. టైల్స్ కలిసే మూలలు, తివాచీ మీది డిజైను, చెక్కలో గీతలు, ఇలాంటివి. మీరు ఫోన్ కదిపినప్పుడు ఆ చుక్కలు తెరమీద ఎంతెంత జరిగాయో చూస్తుంది. రైలు కిటికీలోంచి చూస్తే పట్టాల పక్క స్తంభాలు గబగబా వెనక్కి పోతాయి, దూరపు కొండలు మెల్లగా కదులుతాయి కదా, అదే లెక్క. ఎక్కువ జరిగినవి దగ్గరవి, తక్కువ జరిగినవి దూరంవి. అలా గది మ్యాపు గీసుకుంటూనే ఆ మ్యాపులో తనెక్కడుందో కనిపెట్టుకుంటూ పోతుంది. దీన్ని స్లామ్ అంటారు, రోబోల వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన పద్ధతి.

చిక్కంతా ఇక్కడే. ఒక్క కెమెరాతో ఆకారం తెలుస్తుంది గానీ సైజు తెలియదు. మీ గదినీ, అచ్చం దానిలాగే చిన్న సైజులో చేసిన నమూనానీ కెమెరా వేరు చేయలేదు. సైజు సంగతి ఫోన్ కదలికని పట్టే యాక్సిలరోమీటర్ అనే సెన్సర్ చెప్పాలి. ఫోన్ ఎంత దూరం జరిగిందో దాన్నిబట్టి లెక్కకట్టి, తెరమీద చుక్కల కదలికని సెంటీమీటర్లలోకి మారుస్తారు. అందుకని నిలబడ్డచోటే ఉండి ఫోన్‌ని గుండ్రంగా తిప్పితే చాలదు. చెయ్యి చాపి పక్కకి జరపాలి, ఒకటి రెండు అడుగులు వేయాలి. చాలా యాప్‌లు ఈ సంగతి స్పష్టంగా చెప్పవు, తిప్పమని మాత్రం అంటాయి. స్కేలు నూటికి నాలుగు వంతులు తప్పిందనుకోండి, 120 సెంటీమీటర్ల ఖాళీలో దాదాపు 5 సెంటీమీటర్లు తేడా. మీకు కనిపించిన వేలెడు సందూ, ఇప్పుడు తలుపు కొట్టుకుంటున్న ముక్కా అందులోనే ఉన్నాయి.

గోడ తెల్లగా నున్నగా ఉంటే పట్టుకోవడానికి చుక్కలే దొరకవు. అద్దాలు, మెరిసే నేల, మసక వెలుతురు కూడా అంతే. కొన్ని ఫోన్లలో లైడార్ ఉంటుంది. అది కంటికి కనిపించని కాంతిని పంపి, తిరిగొచ్చే సమయాన్నిబట్టి దూరం కొలుస్తుంది కాబట్టి ఖాళీ గోడ కూడా దానికి దొరుకుతుంది. యాపిల్ 2020లో ఐప్యాడ్ ప్రోలో మొదట పెట్టింది.

మూడుకోణాలు
సుబ్బు గారు ఫోన్ వైపు సంగతి చెప్పారు. ఇలాంటి సామాన్లకి త్రీడీ మోడల్స్ చేయడమే నా పని కాబట్టి రెండోవైపు చెప్తాను. చాలాసార్లు మాకు వచ్చేది నాలుగు ఫోటోలు, పొడవు, వెడల్పు, ఎత్తు. ఆ వెడల్పు పెట్టె భాగానిదా, పైన బయటికి పొడుచుకొచ్చే అంచుతో కలిపా అన్నది ఎవరూ రాయరు. కింద పట్టీ, పిడులు, వెనక గోడకి తగిలే మేకుల పట్టీ ఒక్కోసారి మోడల్లో ఉండనే ఉండవు. ఫోన్ స్కేలు పక్కాగా పట్టినా మోడలే సన్నగా ఉంటే ఏం లాభం? మల్లెతీగ గారూ, కంపెనీ పేజీలో రాసిన వెడల్పు, మీ ఇంట్లో ఉన్న బీరువా వెడల్పు ఒకటేనా? టేపుతో కొలిచి చూడండి. తేడా ఉంటే మీరు గట్టిగా అడగొచ్చు.

మల్లెతీగ
కొలిచాను. పైన అంచు దగ్గర పేజీలో ఉన్నదానికన్నా రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంది! ఫోటో తీసి మళ్లీ కంపెనీకి పంపాను. థాంక్సండీ. ఇంతకీ ఆ నీడ ఎలా పడింది? కిటికీ ఎటుందో దానికెలా తెలుసు?

సర్క్యూట్_సుబ్బు
కెమెరా బొమ్మలో ఎటువైపు వెలుతురు ఎక్కువుందో, ఏ రంగులో ఉందో చూసి అంచనా వేస్తుంది. ఆ వెలుతురునే మోడల్ మీద కూడా వేస్తుంది. నీడ లేకపోతే ఎంత మంచి మోడలైనా గాల్లో తేలినట్టు ఉంటుంది. మన కన్ను వస్తువు నేలకి తగిలిందా లేదా అన్నది నీడని చూసే తేల్చుకుంటుంది. మీకు అంత నమ్మకం కలగడానికి సగం కారణం ఆ నీడే.

పాతఫోన్
అదేగా నేననేది. కొలత సరిగ్గా లేకపోయినా నీడ మాత్రం సరిగ్గా ఉంది. ఏది ముందు బాగుచేశారో చూడండి.

నైట్‌డ్యూటీ
పాతఫోన్ గారూ, మీరు చూసింది అమ్మకాల వైపు మాత్రమే. నేను నర్సుని. మా వార్డులో సెలైన్ పెట్టడానికి నరం దొరక్కపోతే వాడే చిన్న పరికరం ఒకటుంది. చేతికి పైన పట్టుకుని బటన్ నొక్కితే చర్మం మీదే నరాల బొమ్మ పడుతుంది. కళ్లజోడు లేదు, ఫోన్ లేదు.

అది నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని చేతి మీద వేస్తుంది. రక్తంలో హిమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకుంటుంది, చుట్టూ ఉన్న కండ, కొవ్వు వెనక్కి పంపుతాయి. ఆ తేడాని కెమెరా పట్టుకుని, వెంటనే మామూలు వెలుతురుతో అదే చోట చర్మం మీద గీసి చూపిస్తుంది. చెయ్యి కదిపితే గీతలూ కదులుతాయి. చిన్నపిల్లలకి, కీమో వల్ల నరాలు గట్టిపడ్డవాళ్లకి, ఒళ్లు బాగా ఉన్నవాళ్లకి వెతుక్కునే టెన్షన్ తగ్గుతుంది. పక్కనున్న తల్లి ముఖం చూసినవాళ్లకి ఒక్క పోటు తగ్గడం ఎంత విషయమో తెలుస్తుంది.

అలాగని దాన్నే నమ్ముకోకూడదు. నరం ఎటు పోతుందో చూపిస్తుంది గానీ ఎంత లోతులో ఉందో చెప్పదు. లోతు నరాలు అసలు కనిపించవు. వేలితో తడిమి, అది ఎగిసినట్టు అనిపించాకే సూది. అనుభవమున్న చేతులకి దీనివల్ల పెద్ద తేడా లేదని తేలిన పరిశోధనలు కూడా ఉన్నాయి, పనికొచ్చిందని తేలినవీ ఉన్నాయి. ఎవరి మీద, ఎవరి చేతుల్లో వాడారన్నదాన్నిబట్టి ఉంటుంది.

పాతఫోన్
ఇది బాగుంది, కాదనను. కానీ ఇది ప్రొజెక్టర్ కదా? దీన్ని కూడా ఏఆర్ అంటే టీవీలో కింద వచ్చే స్కోరు కూడా ఏఆరే అవుతుంది.

తోకచుక్క
కాదండీ, అక్కడ గీత స్పష్టంగానే ఉంది. ఈ రంగంలో పరిశోధకుడు రోనాల్డ్ అజుమా 1997లో రాసిన సర్వే వ్యాసంలో మూడు షరతులు పెట్టాడు. నిజమైనదీ కల్పించినదీ కలిసి కనిపించాలి. అప్పటికప్పుడు స్పందించాలి. కల్పించినది త్రీడీలో అసలు ప్రపంచానికి అతుక్కుని ఉండాలి. ఈ మూడోదే అన్నిటికన్నా కష్టం. టీవీలో స్కోరు తెరకి అతుక్కుంది, మైదానానికి కాదు. కాబట్టి అది ఏఆర్ కాదు. నరాల బొమ్మ చేతికి అతుక్కుంది కాబట్టి ఏఆరే. ముఖానికి పెట్టే కుక్క చెవులు కూడా తల తిప్పితే తలతోపాటు తిరుగుతాయి, అవి కూడా లెక్కలోకి వస్తాయి.

వర్చువల్ రియాలిటీలో అసలు ప్రపంచాన్ని పూర్తిగా మూసేస్తారు, అక్కడ ఈ అతికించే బాధ లేదు. చుట్టూ ఉన్నదంతా కల్పనే అయినప్పుడు బల్ల రెండు సెంటీమీటర్లు పక్కకి జరిగినా ఎవరికీ తెలియదు. ఏఆర్‌లో అసలు బల్ల పక్కనే ఉంటుంది, తేడా వెంటనే కంటికి తగులుతుంది.

ఆటపిచ్చి
టీవీ అన్నారు కాబట్టి చెప్తున్నా. అమెరికన్ ఫుట్‌బాల్‌లో మైదానం మీద పసుపు గీత కనిపిస్తుందే, అది 1998లో ఈఎస్‌పీఎన్‌లో మొదలైంది. ఆటగాళ్ల కాళ్ల కింద నిజంగా రంగు వేసినట్టే ఉంటుంది. మైదానం ఎత్తుపల్లాలు ముందే కొలిచి పెట్టుకుంటారు. ప్రతి కెమెరాకీ సెన్సర్లు ఉంటాయి, ఎంత తిరిగింది, ఎంత వంగింది, ఎంత జూమ్ చేసింది అన్నది ప్రతి ఫ్రేముకీ తెలుస్తుంది. గడ్డి రంగు ఉన్నచోటే గీత వేస్తారు, జెర్సీ రంగు వస్తే వదిలేస్తారు. అందుకే ఆటగాడు గీత మీద నిలబడితే గీత అతని వెనక్కి పోతుంది. కోట్లమంది ఏళ్ల తరబడి ఏఆర్ చూశారు, దాని పేరు తెలియకుండానే.

సర్క్యూట్_సుబ్బు
మంచి ఉదాహరణ ఆటపిచ్చీ. ముందున్నది వెనకున్నదాన్ని కప్పడం అనే ఆ ఒక్క పని ఫోన్లకి ఈరోజుకీ కష్టమే. మల్లెతీగ గారి బీరువా ముందునుంచి ఎవరైనా నడిచి వెళ్తే చాలా ఫోన్లలో మనిషి మీదే బీరువా కనిపిస్తుంది. ఏది ఎంత దూరంలో ఉందో (డెప్త్) తెలిసిన ఫోన్లు కొంతవరకు మేనేజ్ చేస్తాయి, జుట్టు దగ్గరా వేళ్ల దగ్గరా అంచులు చెదిరిపోతాయి.

హ్యాంగర్_3
నేను విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. మా లైన్‌లో ఉన్నవాళ్లకి ఈ కథ బాగా తెలుసు, ఎందుకంటే ఏఆర్‌కి ఆ పేరు పెట్టిందే బోయింగ్‌లో పనిచేసిన టామ్ కాడెల్. విమానంలో వైర్ల కట్టలు తయారుచేసేటప్పుడు పెద్ద పెద్ద బోర్డుల మీద ఏ వైరు ఎటు పోవాలో గీసి, దానిమీదే వైర్లు పరుస్తారు. ఒక్కో విమానానికి అమరిక వేరు, బోర్డు వేరు. ఖాళీ బోర్డు మీదే పనివాడి కంటికి వైరు దారి చూపిస్తే ఎలా ఉంటుందని కాడెల్, డేవిడ్ మిజెల్ కలిసి ఆలోచించారు. 1992లో దానిమీద పేపర్ ప్రచురించారు. అంటే ఇది ఆటకోసం పుట్టింది కాదు, చేతులు రెండూ పనిలో ఉన్నవాడి కోసం పుట్టింది. నా దృష్టిలో ఇప్పటికీ అదే దీని అసలు చోటు.

నా సొంత అనుభవం. ఒకసారి హైడ్రాలిక్ లైన్లో లీకు వెతుకుతున్నాం. తయారీదారుల ఇంజనీరు వేరే దేశంలో ఉన్నాడు. మామూలు వీడియో కాల్ అయితే "ఎడమవైపు వాల్వ్, కాదు దాని కిందది, కాదు కాదు వెనకది" అంటూ సాగేది. కళ్లజోడులా తలకి పెట్టుకునే ఏఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్నాక నేను చూసేది ఆయన చూస్తున్నాడు. ఆయన తన తెరమీద సున్నా చుడితే అది నా కంటికి ఆ ఫిట్టింగ్ చుట్టూనే కనిపించింది. నేను తల తిప్పి పాన అందుకుని మళ్లీ చూస్తే సున్నా అక్కడే ఉంది. రెండు చేతులూ ఖాళీ. ఆ ఒక్క సున్నా కోసమైనా నేను దీనికి ఓటేస్తాను.

బడిగంట
అన్నా, మరి ఇప్పుడు రోజూ అదే వాడుతున్నారా?

హ్యాంగర్_3
లేదు తమ్ముడూ. ఎండలో బయట నిలబడితే బొమ్మ వెలిసిపోతుంది. హెల్మెట్ మీద అది సరిగ్గా కూర్చోదు. చెమటకి ముక్కు దగ్గర జారుతుంది. బ్యాటరీ షిఫ్టు సగంలోనే అయిపోతుంది. చాలా పనులకి మళ్లీ టాబ్లెట్‌కే వచ్చాం, దాన్ని పక్కన స్టాండుకి బిగించి చూసుకుంటాం. దూరం నుంచి నిపుణుడు చెప్పాల్సి వస్తే మాత్రం హెడ్‌సెట్ తీస్తాం.

పాతఫోన్
నేను చదివినదాని ప్రకారం మైక్రోసాఫ్ట్ తన ఏఆర్ హెడ్‌సెట్ హోలోలెన్స్ తయారీ 2024లో ఆపేసింది. గూగుల్ కూడా కంపెనీల కోసం చేసిన గ్లాస్ అనే కళ్లజోడు అమ్మకాలు 2023లో ఆపింది. అంత పెద్దవాళ్లే వదిలేశారంటే దాంట్లో దమ్ము లేదనేగా?

సర్క్యూట్_సుబ్బు
దమ్ము లేక కాదండీ, కళ్లజోడు చేయడం అంత కష్టం కాబట్టి. ఎందుకో చెప్తాను.

పారదర్శకమైన అద్దం మీద బొమ్మ చూపించే పద్ధతిలో వెలుతురు కలపడమే కుదురుతుంది, తీసేయడం కుదరదు. అంటే నలుపు రంగు చూపించలేరు. తెల్ల గోడ ముందు నల్ల బీరువా పెట్టమంటే బీరువా దాదాపు మాయమవుతుంది. హ్యాంగర్ అన్న చెప్పిన ఎండ బాధ కూడా ఇదే. సూర్యుడి వెలుతురుతో పోటీపడేంత బలమైన డిస్‌ప్లే పెడితే వేడి, బరువు, బ్యాటరీ మూడూ పెరుగుతాయి.

రెండోది చూపు వెడల్పు. మన రెండు కళ్లూ కలిపి అడ్డంగా దాదాపు 200 డిగ్రీలు చూస్తాయి. 2019లో వచ్చిన హోలోలెన్స్ 2లో బొమ్మ కనిపించే మేర మూల నుంచి మూలకి 52 డిగ్రీలే. ముందు నిలబెట్టిన మోటారు సగం వరకే కనిపించి, తల దించితే పై సగం పోతుంది.

దీనికి విరుగుడుగా కొందరు అద్దమే తీసేశారు. కళ్లు పూర్తిగా మూసి, బయట కెమెరాలు చూసినదాన్ని లోపలి తెరమీద చూపించి, దానిమీద బొమ్మలు కలుపుతారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన యాపిల్ విజన్ ప్రో ఇదే పద్ధతి. నలుపు బాగానే వస్తుంది. కానీ ముఖం మీద 600 గ్రాములకు పైగా బరువు, కరెంటు పోతే కళ్లముందు చీకటి. మెషీను పక్కన పనిచేసేవాడికి అది ఇవ్వగలరా? నేనైతే ఇవ్వను.

హ్యాంగర్_3
అస్సలు ఇవ్వకూడదు. మా దగ్గర ముందు ఒప్పుకోని మనిషి సేఫ్టీ ఆఫీసరే అవుతాడు.

కంటిచెమ్మ
నేను ఒక ప్రదర్శనలో అలాంటి కళ్లజోడు పెట్టుకున్నాను. కాసేపటికే కళ్లు లాగి తలనొప్పి మొదలైంది. చూపించేవాళ్లేమో "అలవాటైతే పోతుంది" అన్నారు. నిజంగా పోతుందా?

సర్క్యూట్_సుబ్బు
కొంత పోతుంది, కొంత పోదు. దగ్గరి వస్తువుని చూసేటప్పుడు కళ్లు రెండూ లోపలికి తిరుగుతాయి, కంటిలోని కటకం కూడా ఆ దూరానికే ఫోకస్ అవుతుంది. రెండూ జంటగా జరగడం పుట్టినప్పటినుంచీ అలవాటు. హెడ్‌సెట్‌లో ఫోకస్ ఒకే దూరంలో, హోలోలెన్స్‌లో అయితే దాదాపు 2 మీటర్ల దగ్గర బిగించి ఉంటుంది. అరచేతిలో బొమ్మ చూపిస్తే కళ్లు అరచేతి దగ్గరికి తిరుగుతాయి, ఫోకస్ మాత్రం 2 మీటర్ల దగ్గర ఉండాలి. ఆ లాగులాటే మీ తలనొప్పి. బొమ్మల్ని చేతికందని దూరంలో పెట్టేలా డిజైన్ చేస్తే చాలా తగ్గుతుంది. మీకు చూపించినవాళ్లు ముక్కు ముందు పెట్టి ఉంటారు.

కంటిచెమ్మ
అవును, చేతిలోకి సీతాకోకచిలుక వచ్చి వాలింది! ఇప్పుడు అర్థమైంది.

డ్రైవింగ్‌సీటు
ఇదే కారణంతో కార్లలో ముందు అద్దం మీద వచ్చే డిస్‌ప్లే నాకు నచ్చుతుంది. స్పీడు, తిరగాల్సిన మలుపు బానెట్ దాటి కొన్ని మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి. రోడ్డు మీదనుంచి చూపు కిందికి దించక్కర్లేదు, ఫోకస్ మార్చుకోవడం కూడా బాగా తగ్గుతుంది. యుద్ధ విమానాల్లో పైలట్ల కోసం వచ్చిన ఆలోచన. ఒక్కటే, దానిమీద ఎక్కువ నింపకూడదు. వాతావరణం, పాట పేరు, మెసేజ్‌లు కూడా అక్కడే చూపించే మోడళ్లు చూశాను, అది ప్రమాదం.

తోకచుక్క
మొట్టమొదటిదాని గురించి ఎవరూ చెప్పలేదు. 1968లో ఐవన్ సదర్లాండ్ చేసిన హెడ్‌సెట్ ఎంత బరువంటే దాన్ని పైకప్పు నుంచి వేలాడదీశారు. తల ఎటు తిరిగిందో కొలవడానికి పైకప్పుకి బిగించిన ఇనుప చెయ్యి. కళ్ల దగ్గర రెండు బుల్లి పిక్చర్ ట్యూబులు, సగం పారదర్శకమైన గాజు. ఇంతా చేసి కనిపించేది గీతలతో గీసిన ఒక డబ్బా బొమ్మ. కానీ తల కదిపితే ఆ డబ్బా గదిలో ఉన్నచోటే నిలబడింది. ఇప్పుడు ఫోన్లు చేస్తున్నది కూడా ఆ నిలబెట్టడమే.

లెక్కలమాస్టారు
చదువు వైపు నుంచి ఒక మాట. పదకొండో తరగతికి శంకువు ఖండాలు చెప్పేటప్పుడు టాబ్లెట్‌లో ఏఆర్ వాడతాను. బల్లమీద పెద్ద శంకువు నిలబడుతుంది, దాన్ని కోసే తలం పిల్లల చేతిలో ఉంటుంది. అడ్డంగా కోస్తే వృత్తం. కొంచెం వంచితే దీర్ఘవృత్తం. ఇంకా వంచుతూ పోతే అది సాగుతూ సాగుతూ, తలం సరిగ్గా శంకువు ఏటవాలు గీతకి సమాంతరమైన క్షణంలో రెండో కొస మూసుకోవడం మానేస్తుంది. అదే పరావలయం. ఆ క్షణాన్ని పిల్లలు బల్ల చుట్టూ తిరిగి, వంగి, కిందనుంచి తొంగిచూసి పట్టుకుంటారు. బోర్డు మీద ఎన్నేళ్లు గీసినా ఆ "మూసుకోవడం మానేయడం" నేను చూపించలేకపోయాను.

పాతఫోన్
మాస్టారూ, చెక్కతో చేసిన శంకువు కోసి చూపిస్తే సరిపోదా? మా బడిలో అలాగే చూపించారు, ఇప్పటికీ గుర్తుంది.

లెక్కలమాస్టారు
సరిపోతుంది, అదీ ఉంది మా దగ్గర. చేతితో పట్టుకుని అంచు తడమడానికి చెక్కదే మేలు. కానీ అది ముందే నాలుగుచోట్ల కోసి ఉంటుంది, మధ్యలో ఏం జరుగుతుందో చూపించదు. మారుతూ ఉండే విషయానికి ఏఆర్, మారని ఆకారానికి చెక్కముక్క. పుస్తకంలో బొమ్మ మీద ఫోన్ పెడితే ఏనుగు లేచి నిలబడే యాప్‌లకి డబ్బు తగలేయొద్దని మాత్రం బడులవాళ్లకి గట్టిగా చెప్తాను. పిల్లలు కేక పెడతారు, ఏనుగు గురించి కొత్తగా ఒక్క ముక్క కూడా నేర్చుకోరు.

ఆటపిచ్చి
మాస్టారి క్లాసులో కూర్చుంటే నాకు లెక్కలు వచ్చేవేమో అనిపిస్తోంది.

నైట్‌డ్యూటీ
మా రంగంలో ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. చెయ్యి తీసేశాక కూడా లేని చేతిలో నొప్పి వస్తుంది కొందరికి, ఏళ్ల తరబడి. 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, స్వీడన్‌లో చామర్స్ యూనివర్సిటీకి చెందిన మాక్స్ ఓర్టిజ్ కటలాన్ బృందానిది. మిగిలిన మొండి చేతి కండరాలకి ఎలక్ట్రోడ్లు అతికించి, మనిషి లేని చేతిని కదపాలనుకున్నప్పుడు వచ్చే సంకేతాల్ని పట్టుకున్నారు. ఎదురుగా తెరమీద అతని సొంత రూపమే కనిపిస్తుంది, మొండి దగ్గర పూర్తి చెయ్యి అతికి ఉంటుంది. అతను పిడికిలి బిగించాలనుకుంటే ఆ చెయ్యి బిగిస్తుంది. వేరే వైద్యాలు ఏవీ పనిచేయని 14 మంది మీద చేశారు, నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది. పోల్చి చూడటానికి వేరే గుంపు లేని చిన్న అధ్యయనం, కాబట్టి ఇదే మందు అనలేం. అయినా, ఇలాంటి నొప్పితో రాత్రి మూడింటికి బెల్ నొక్కే పేషెంట్‌ని చూసినవాళ్లెవరూ దీన్ని హంగు అనరు.

పాతఫోన్
నర్సమ్మా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. బీరువాల విషయంలో మాత్రం తీసుకోను.

గుట్టు
అందరూ మంచే చెప్తున్నారు, నా భయం చెప్పనివ్వండి. ఇది పనిచేయాలంటే కెమెరా ఎప్పుడూ తెరిచి ఉండాలి. గది కొలతలు, ఎక్కడ ఏముంది, ఎవరు నడుస్తున్నారు, అంతా దానికి కనిపిస్తుంది. పెట్టుకున్నవాళ్లు ఒప్పుకున్నారు సరే, ఎదుటివాళ్ల సంగతేంటి? గూగుల్ గ్లాస్ 2013లో వచ్చినప్పుడు కొన్ని బార్లు, రెస్టారెంట్లు దాన్ని లోపలికి రానివ్వలేదు, కారణం ఇదే.

ఇంకొకటుంది. నిజమైన చోటు మీద కల్పించిన వస్తువు పెట్టే హక్కు ఎవరిది? 2016 జులైలో పోకెమాన్ గో అనే ఫోన్ ఆట వచ్చినప్పుడు వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో కూడా జనం ఫోన్లు పట్టుకుని బొమ్మల్ని వేటాడారు. ఇక్కడ ఆడొద్దని మ్యూజియంవాళ్లు బతిమాలుకోవాల్సి వచ్చింది. ఆర్లింగ్టన్ శ్మశానవాటికవాళ్లు కూడా అలాగే అడిగారు. ఆ స్థలాల్ని ఎంచింది అక్కడివాళ్లు కాదు, ఎక్కడో ఉన్న కంపెనీ.

సర్క్యూట్_సుబ్బు
రెండోది నేను కూడా ఒప్పుకుంటాను, దానికి ఇప్పటికీ సరైన జవాబు లేదు. మొదటిదానికి కొంచెం వివరం. ఫోన్‌లో మామూలు ట్రాకింగ్ అంతా ఫోన్‌లోనే జరుగుతుంది, చుక్కల మ్యాపు బయటికి పంపక్కర్లేదు. కానీ వీధిలో మీరెక్కడున్నారో పక్కాగా తేల్చాలంటే కెమెరా చూసినదాన్ని కంపెనీ దగ్గరున్న వీధి ఫోటోల మ్యాపుతో పోల్చాలి. గూగుల్ మ్యాప్స్‌లో 2019లో వచ్చిన లైవ్ వ్యూ అలాగే పనిచేస్తుంది. అక్కడ సమాచారం బయటికి వెళ్తుంది. యాప్ ఏది ఎక్కడికి పంపుతోందో చూసి అనుమతి ఇవ్వండి.

గుట్టు
"చూసి" అంటే ఎక్కడ చూడాలి సుబ్బు గారూ? అరవై పేజీల షరతుల్లోనా? చిన్న ఎర్ర లైటు వెలిగితే ఎదుటివాళ్లకి తెలుస్తుంది, గది మ్యాపు బయటికి వెళ్తుంటే తెరమీద గుర్తు రావాలి. అవి లేనంతవరకూ నేను నా గదిని దేనికీ చూపించను.

తోకచుక్క
గుట్టు గారి ఎర్ర లైటుకి నేనూ ఓటేస్తున్నా. లైవ్ వ్యూ మాత్రం నాకు బాగా పనికొచ్చింది. భూగర్భ స్టేషన్ నుంచి పైకి వచ్చినప్పుడు ఫోన్ దిక్సూచి చుట్టూ ఉన్న ఇనుముకి గందరగోళపడుతుంది, మ్యాపులో బాణం ఎటో చూపిస్తుంది. ఎదురుగా ఉన్న బిల్డింగులకి కెమెరా చూపిస్తే రోడ్డు మీదే బాణం వేసి ఇటు నడవమంటుంది. తెలియని భాషలో బోర్డుల మీద కెమెరా పెడితే అక్షరాల చోటే అనువాదం వచ్చే పద్ధతి కూడా ఇంతే. 2010లో వర్డ్ లెన్స్ అనే చిన్న యాప్‌గా మొదలైంది, తర్వాత గూగుల్ కొనేసింది.

బడిగంట
సుబ్బన్నా, నేను ఇంజనీరింగ్ చదువుతున్నా. ఇది నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? హెడ్‌సెట్ కొనే స్తోమత లేదు.

సర్క్యూట్_సుబ్బు
హెడ్‌సెట్ అక్కర్లేదు, ఏఆర్‌కోర్ (ఆండ్రాయిడ్‌లో ఏఆర్ యాప్‌లకి గూగుల్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) నడిచే ఫోన్ చాలు. యాపిల్ ఏఆర్‌కిట్, గూగుల్ ఏఆర్‌కోర్ రెండూ 2017లోనే ప్రకటించారు కాబట్టి పాత ఫోన్లలో కూడా చాలావరకు ఉంటుంది. గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో ఏఆర్ ఫౌండేషన్ నేర్చుకుంటే రెండిటికీ ఒకే కోడ్ సరిపోతుంది. యాప్ గొడవ వద్దు, బ్రౌజర్‌లోనే చేయాలంటే వెబ్‌ఎక్స్‌ఆర్ చూడు.

మొదటి ప్రాజెక్టు నేలమీద వస్తువు నిలబెట్టడం కాకుండా, ప్రింట్ తీసిన కాగితం మీద బొమ్మ నిలబెట్టేది చెయ్యి. హిరోకాజు కాటో 1999లో చేసిన ఏఆర్‌టూల్‌కిట్ కూడా నల్ల చతురస్రం ఉన్న కాగితంతోనే మొదలైంది. కాగితం వెడల్పు ఎంతో నువ్వే ప్రోగ్రాముకి చెప్తావు కాబట్టి సైజు గొడవ మొదట్లోనే తీరిపోతుంది. కెమెరా ఎంత దూరంలో ఉంది, ఎటు వంగింది అన్న లెక్క నాలుగు మూలల నుంచి ఎలా వస్తుందో కాగితం మీద చేసి చూడు. అది అర్థమైతే మిగతాది అల్లుకుపోతావు.

బడిగంట
ఫోటో ఏది పడితే అది పెట్టొచ్చా అన్నా?

మూడుకోణాలు
నేను చెప్తాను. వివరాలు ఎక్కువున్నదీ, ఒకే డిజైను మళ్లీ మళ్లీ రానిదీ తీసుకో. గళ్ల డిజైను, ఖాళీ ఆకాశం ఉన్న ఫోటో పనికిరావు. మెరిసే కాగితం మీద వద్దు, లైటు పడి మూల కనిపించకుండా పోతుంది. మోడల్స్ ఆండ్రాయిడ్‌కి జీఎల్‌బీ ఫైలుగా, ఐఫోన్‌కి యూఎస్‌డీజెడ్ ఫైలుగా పెట్టు. త్రీడీ మోడల్స్ చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే ఎగుమతికి ముందు యూనిట్లు మీటర్లలో ఉన్నాయో లేదో చూసుకో. సెంటీమీటర్లు అనుకుని పంపితే కుర్చీ పాతిక ముప్పై అంతస్తుల ఎత్తు వస్తుంది, కెమెరా దాని కాళ్ల మధ్య ఉంటుంది, తెరమీద ఏమీ కనిపించదు. కొత్తవాళ్లు రోజంతా కోడ్‌లో తప్పు వెతుకుతారు.

లెక్కలమాస్టారు
బడిగంట బాబూ, చేయడానికి విషయం దొరక్కపోతే నన్ను అడుగు. రెండు తలాలు ఖండించుకునే గీత, గోళం మీద గీసిన త్రిభుజంలో కోణాల మొత్తం 180 డిగ్రీలు దాటడం, ఈ రెండూ పిల్లలకి చూపించాలని నాకు ఎప్పటినుంచో ఉంది. మూడుకోణాలు గారు మోడల్ చూసిపెడితే ఇంకా మంచిది.

మూడుకోణాలు
గోళం నేను చేసి పంపుతాను మాస్టారూ. త్రిభుజం మూలలు పిల్లలు వేలితో జరిపేలా కావాలా, ముందే గీసి ఉంటే చాలా?

లెక్కలమాస్టారు
వేలితో జరిపేలానే కావాలి. కోణాల మొత్తం పక్కనే అంకెల్లో మారుతూ కనిపించాలి.

బడిగంట
చేస్తాను సర్. ముందు కాగితం లెక్క పూర్తిచేసి, గోళం మీద వేలు తగిలిన చోటు ఎలా కనుక్కోవాలో చూసి రేపు ఇక్కడే పెడతాను.